కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు మిషన్లు నడుస్తాయా?

పని చోట మనుషులతో వచ్చే చిక్కుల గురించి పాఠకుల ప్రశ్నలు. జవాబులు: ఓ రిటైర్డ్ హెడ్ నర్సు, హనుమకొండ

ప్రశ్న: అమ్మా, మాది నర్సంపేట దగ్గర ఊరు. మా మహిళా సంఘాల కుట్టు సెంటర్‌లో 14 మిషన్లున్నాయి. బడి యూనిఫాంలు కుడతాం. దసరా దాకా లీడర్‌గా ఉన్న అక్క చాలా గట్టి మనిషి. ఎవరన్నా ముచ్చట పెడితే గద్దించేది. అప్పుడు రోజుకు 60 జతలు లేచేవి. ఇప్పుడు నేను లీడర్‌ని. నాకు గద్దించడం రాదు. ‘మీకు ఎట్ల వీలైతే అట్ల చేయండి’ అంటాను. అందరూ నాతో బాగానే ఉంటారు, కానీ 42 జతలు దాటడం లేదు. ఆ అక్క ఉన్నప్పుడు రెండు బడుల నుంచి లాగులు తిరిగొచ్చాయి, అది వేరే సంగతి. మా సంఘాల పని చూసే ఆఫీసరు, ఏపీఎం సారు ‘కొంచెం గట్టిగా ఉండమ్మా’ అంటున్నారు. జూన్‌లో బడులు తెరుస్తారంటే ఇప్పటినుంచే టెన్షన్. నేను కూడా ఆ అక్కలాగా మారాల్నా? – ఓ చెల్లె, నర్సంపేట

జవాబు: చెల్లె, నీ ఉత్తరంలో 60, 42 కంటే ముందు నా కన్ను పడింది లాగుల మీద. ‘అది వేరే సంగతి’ అని ఒక్క ముక్కలో దాటేశావు. తిరిగొచ్చినవి ఎన్ని? వాటిని విప్పి మళ్లీ కుట్టడానికి ఎన్ని రోజులు పట్టింది? ఆ రోజులు తీసేస్తే 60లో ఎంత మిగులుతుంది? ముందు రిజిస్టరు తీసి ఆ లెక్క చూడు.

ఎందుకంటున్నానో చెబుతా. పన్నెండేళ్లు హెడ్ నర్సుగా చేశాను. హాస్పిటల్ పేరు వద్దులే. నేనూ మీ అక్కలాంటి దాన్నే. నా చెప్పుల చప్పుడు వినబడితే వార్డంతా సర్దుకునేది. పొరపాట్లు రాసే రిజిస్టరు నా వార్డులో నెలల తరబడి ఖాళీగా ఉండేది, అది చూసి మురిసిపోయేదాన్ని. ఓ రాత్రి కొత్తగా చేరిన అమ్మాయి ఒక పేషెంటుకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పక్క మంచం ఆయనకు ఇచ్చింది. డాక్టరుకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. తెల్లారి ఆ పేషెంటు కొడుకు వచ్చి, ‘రాత్రి నర్సమ్మ ఏడ్చుకుంటూ పదిసార్లు బీపీ చూసింది, మా నాయనకు ఏమైంది?’ అని అడిగితే సంగతి బయటపడింది. ఆయనకు ఏమీ కాలేదు, మా అదృష్టం. ఎందుకు దాచావని అడిగితే ఆ పిల్ల, ‘మీరంటే భయమైంది సిస్టర్’ అంది. నేను మురిసిపోయిన ఖాళీ పేజీల్లో ఇంకా ఎన్ని దాగినయో నాకు ఇప్పటికీ తెలియదు. మీ సెంటర్‌లోనూ నడుము కొలత తప్పిన లాగును ఎవరో నోరెత్తకుండా కట్ట అడుగున తోసి ఉంటారు.

అట్లని నిన్ను మెచ్చుకుంటున్నాననుకోకు.

మా నర్సింగ్ చదువులో మేనేజ్‌మెంట్ పాఠం వస్తే కర్ట్ లెవిన్ పేరు రాక తప్పదు. హిట్లర్ రోజుల్లో జర్మనీ విడిచి అమెరికా వెళ్లిన యూదు సైకాలజిస్టు. 1938 ప్రాంతంలో అయోవా యూనివర్సిటీలో ఆయన, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ కలిసి పదేళ్ల మగపిల్లలను చిన్న జట్లు చేసి, మాస్కులు తయారుచేయడంలాంటి పనులు పెట్టారు. ఒక తీరు పెద్దమనిషి అన్నీ తానే హుకుం చేస్తాడు. ఇంకో తీరు పెద్దమనిషి పిల్లలతో కూర్చుని, ఏది ఎట్ల చేయాలో వాళ్లతో కలిసి తేలుస్తాడు. మూడో ఆయన సామాను చేతికిచ్చి పక్కకు జరుగుతాడు. హుకుం జట్టు పెద్దమనిషి ఎదురుగా ఉన్నంతసేపు బాగా పని చేసింది, ఆయన గది దాటగానే చేతులు ఆగాయి. కూడబలుక్కుని చేసిన జట్టు ఆయన ఉన్నా లేకున్నా దాదాపు ఒకే తీరుగా సాగింది. మూడో జట్టు పని తక్కువ, చేసిన పనీ నాసిరకం.

నువ్వు రెండో తీరు మనిషివని నీ నమ్మకం. నాకు మాత్రం మూడో ఆయన కనబడుతున్నాడు. ‘మీకు ఎట్ల వీలైతే అట్ల’ అంటే వాళ్లను అడిగినట్టు కాదు చెల్లె, వదిలేసినట్టు. కటింగ్ ఏ పూటకు అందాలి, ఓవర్‌లాక్ మిషన్ మీద ముందు ఎవరు కూర్చోవాలి, కాజాలు ఎవరు తీయాలి, ఇవి ఎవరూ తేల్చకపోతే రోజూ అక్కడే గంట పోతుంది. నోరున్న మనిషి మాట నెగ్గుతుంది, నోరు లేనిది లోపల కుములుతూ కుడుతుంది. అందరూ నీతో బాగుంటారన్నావు. వాళ్లలో వాళ్లు బాగున్నారా? ఆ సంగతి రాయలేదు.

బట్టల పని చేసే వాళ్ల మీదే జరిగిన పరిశీలన ఒకటుంది. అమెరికాలో వర్జీనియాలో హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీ. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు 1948లో ఆ వివరాలు అచ్చువేశారు. పని పద్ధతి మార్చాల్సి వచ్చి, ఒక జట్టును పిలిచి ‘ఇక నుంచి ఇట్ల, రేటు ఇది’ అని చెప్పేశారు. ఆ జట్టు పని పడిపోయి మళ్లీ లేవలేదు. 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ఇంకో రెండు జట్లకు మార్పు ఎందుకు తప్పదో చూపించి, కొత్త పద్ధతి ఎట్ల ఉండాలో వాళ్లనూ కలుపుకుని తేల్చారు. వాళ్లు తొందరగా కుదురుకుని పాత లెక్క మీద 14 శాతం దాకా ఎక్కువ తీశారు. నాకు బాగా నచ్చిన ముక్క దాని తర్వాతది. రెండున్నర నెలలు పోయాక, ఆ మొదటి జట్టులో మిగిలిన 13 మందిని ఇంకో పనికి మార్చాల్సి వచ్చింది. ఈసారి వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడారు. అదే మనుషులు, తొందరగా అందుకుని పాత లెక్కను దాటేశారు. అక్కడ మార్చాలా వద్దా అన్నది వాళ్లకు వదల్లేదు, ఎట్ల మార్చాలన్నదే అడిగారు. ఆ తేడా గుర్తుపెట్టుకో.

ఏపీఎం సారు మాటలో సగం నిజముంది. బట్టలు అందించే తేదీ, కొలతలు, ఈ రెండింటి మీద చర్చ పెట్టకు. అక్కడ నువ్వు రాయిలాగా ఉండాలి. మిగిలినదంతా సోమవారం పొద్దున మిషన్లు ఎక్కకముందు అరగంట కూర్చుని తేల్చండి. 60 అని నువ్వు అనకు. ఎన్ని లేస్తాయో వాళ్ల నోటి నుంచి రానీ, వచ్చింది గోడకు రాయి. తప్పు కుట్టిన మనిషి అదే రోజు చెబితే ఒక్క మాట కూడా అనొద్దు, విప్పే పనికి నువ్వే ముందు కూర్చో. పాత లీడర్ అక్క ఇంకా అక్కడే కుడుతుంటే కొలతలు చెక్ చేసే పని ఆమెకు ఇవ్వు. ఆ గట్టితనం గుడ్డ మీద పనికొస్తుంది.

నెల పోయాక బ్యాంకు పని ఉందని చెప్పి ఓ మధ్యాహ్నం బయటికి వెళ్లు. సాయంత్రం వచ్చి ఎన్ని జతలు లేచాయో చూసి నాకు మళ్లీ రాయి. మీ అక్క ఎప్పుడన్నా అట్ల వెళ్లి చూసిందా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ ముఠాకు మేస్త్రీని. ఏదైనా అందరినీ అడిగే చేయాలని డిగ్రీ చదివే నా కొడుకు అంటాడు. లారీ లోడ్ చేసేటప్పుడు అడుగుతూ కూర్చుంటే అయితదా? – వరంగల్ పాఠకుడు

జవాబు: కాదన్నా. మిర్చి బస్తా భుజం మీదున్న మనిషిని అభిప్రాయం అడగొద్దు. క్యాజువాలిటీకి గుండె ఆగిన మనిషి వస్తే మా దగ్గరా ఒక్క గొంతే వినబడాలి: నువ్వు ఛాతీ నొక్కు, నువ్వు గాలి పెట్టు, నువ్వు టైం చూడు. కాకపోతే ఎంత చిన్న నర్సయినా తప్పు కనబడితే ‘ఆగండి’ అనాలి. నిన్నమొన్న చేరిన కుర్రాడు మీతో ఆ మాట అనగలడా? మీ అబ్బాయి చెప్పిన అడగడం లారీ కదిలాక, చాయ్ దగ్గర పెట్టుకోండి. కూలి పంపకం, ఎవరికి నడుము పట్టేసింది, మోకాళ్లు అరిగిన పెద్దాయనకు పై వరస తప్పిద్దామా, ఇట్లాంటివి.