కెర్నల్ పానిక్, ర్యామ్‌డిస్క్ సైజు

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వాడుతున్నాను. సొంతంగా కంపైల్ చేసుకున్న కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) కోసం గ్రబ్ అనే బూట్ లోడర్ మెనూలో ఒక ఎంట్రీ చేత్తో రాశాను. దాన్ని ఎంచుకుంటే రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నట్టు, బ్లాక్ డివైజ్ సంఖ్య 0,0 అని చూపి, కెర్నల్ పానిక్‌తో ఆగిపోతోంది. ర్యామ్‌డిస్క్ సైజు ఆప్షన్‌ను పెంచినా లాభం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీకు కనిపించిన సందేశంలోనే కారణం చాలావరకు ఉంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, అంటే రూట్‌ను మౌంట్ చేయడానికి ముందు కెర్నల్ వాడుకునే తాత్కాలిక ఫైల్ సిస్టమ్, మెమరీలోకి చేరి, అందులో డిస్క్ డ్రైవరు మాత్రమే లోపించి ఉంటే, డెబియన్ మిమ్మల్ని బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ షెల్‌లో వదిలేది. పానిక్ వచ్చిందంటే, రూట్‌ను మౌంట్ చేసే పనికి కెర్నల్ తానే పూనుకున్నదన్నమాట. రూట్ ఆప్షన్‌లో యూయూఐడీ ఇచ్చి ఉంటే, ఫైల్ సిస్టమ్‌కు చెందిన ఆ గుర్తింపును ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సాయం లేకుండా కెర్నల్ గుర్తించలేదు కూడా.

కాబట్టి ముందుగా మీ ఎంట్రీలో లినక్స్ లైను కింద ఇనిట్‌ఆర్‌డీ లైను (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైలును చూపేది) ఉందో లేదో చూడండి. మెనూలో ఆ ఎంట్రీపై ఇంగ్లిష్ e అక్షరం నొక్కి లైను చేర్చి, ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి మాత్రమే మార్పు వర్తిస్తుంది. పరీక్షకు ఇదే క్షేమమైన దారి. అయితే ఆ లైను చూపే ఫైలు మీ కెర్నల్ వెర్షన్‌దే అయి ఉండాలి. అది లేకపోతే మాడ్యూళ్లను ఇన్‌స్టాల్ చేశాక, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కమాండ్‌ను సి, కె ఆప్షన్లతోనూ వెర్షన్ పేరుతోనూ నడిపి తయారు చేసుకోండి. తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడిపితే, బూట్ డైరెక్టరీలో కెర్నల్‌కూ ఆ ఫైలుకూ వెర్షన్ పేరు కలిసినప్పుడు సరైన ఎంట్రీని అదే రాస్తుంది. చేతిరాత ఎంట్రీయే కావాలనుకుంటే దాన్ని 40_కస్టమ్ ఫైలులో ఉంచండి. గ్రబ్ అసలు కాన్ఫిగరేషన్ ఫైలులో రాసినది తర్వాతి అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది.

లైను సరిగానే ఉండి పానిక్ తగ్గకపోతే, కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఇనిట్‌ఆర్‌డీ మద్దతునూ, ఆ ఫైలును కుదించిన పద్ధతికి, అంటే జీజిప్‌కో జడ్‌స్టాండర్డ్‌కో, మద్దతునూ ఆన్ చేశారేమో పరిశీలించండి. సొంత కెర్నళ్లలో ఈ రెండోది తప్పిపోయే అవకాశం ఉంది.

ఇక ర్యామ్‌డిస్క్ సైజు ఆప్షన్ పాత తరహా ఇనిట్‌ఆర్‌డీకి, అంటే ర్యామ్‌లో స్థిరమైన పరిమాణంతో ఏర్పడే బ్లాక్ డివైజ్‌కు సంబంధించినది. దాని విలువను కిలోబైట్లలో ఇస్తారు. ఇప్పటి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సీపీఐఓ ఆర్కైవ్ రూపంలో వచ్చి, మెమరీలో అవసరమైనంత మేరకే విస్తరించే ఫైల్ సిస్టమ్‌లోకి విప్పుకుంటుంది గనుక, ఆ ఆప్షన్‌ను నిశ్చింతగా తొలగించవచ్చు.