30కి 17 వస్తే మతిమరుపు జబ్బేనా?

మీ నాయనకి జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 19 వచ్చాయి, గట్టెక్కడానికి పెట్టిన గీత 24 కంటే తక్కువ గదా, డిమెన్షియానేనా (మతిమరుపు జబ్బేనా) అని అడిగారు. ముందు ఆయనేం చదువుకున్నారో చెప్పండి.

మాది పొదలకూరు పక్క పల్లె. మా అమ్మ బడి మొహం చూడలేదు. మూడేళ్ల కిందట ఆమెకీ ఇదే పరీక్ష, ఎం.ఎం.ఎస్.ఇ. (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) అంటారు, పెడితే 17 వచ్చాయి. నేను పక్కనే ఉన్నా. ఇవాళ తేదీ ఎంత అంటే "అమాస పోయి మూడో రోజు గదా" అంది. కరెక్టే, అయినా సున్నా వేశారు. వందలో ఏడు, మిగిలిన దాంట్లో ఏడు తీసేయమంటే నోరెళ్లబెట్టింది. నిమ్మకాయల బస్తాల లెక్క మాత్రం కాగితం లేకుండా చెప్పేది. ఐదు మూలల బొమ్మలు రెండు చూపించి గీయమంటే, "ముగ్గుపిండి ఉంటే ఇయ్యి నాయనా, ఏస్తా" అంది.

1975లో అమెరికాలో తయారైన పరీక్ష ఇది. ఆ తీసివేతలకి 5 మార్కులు. చదవడం, వాక్యం రాయడం, బొమ్మ గీయడం, ఒక్కోదానికి ఒక మార్కు. ఆ ఎనిమిదీ పోతే మిగతావన్నీ చెప్పినా వచ్చేది 22. బడికెళ్లని మనిషి బుర్ర పాదరసంలా ఉన్నా గట్టెక్కదు! చదువురాని వాళ్లకి తగ్గట్టు మార్చిన పరీక్షలు తెలుగులో ఉన్నాయి, అడగండి.

నెల్లూరులో రెండో డాక్టరు అమ్మ కంటే నన్నే ఎక్కువ అడిగాడు. స్టవ్ ఆపుతుందా, డబ్బులు సరిగ్గా లెక్కపెడుతుందా, ఏ పని ఇదివరకు చేసి ఇప్పుడు చెయ్యలేకపోతోంది? చెవిలో గుబిలి తీయించాడు. సగం ప్రశ్నలు ఆమెకి వినపడనే లేదంట. రక్తపరీక్షలో బీ12 తక్కువుంది, ఇంజక్షన్లు ఇచ్చాడు. కొంత తేరుకుంది. అంతా నయమైందని మాత్రం చెప్పను: చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేయడం పోలేదు. ఇప్పుడు ఆర్నెల్లకోసారి చూపిస్తున్నాం, అమ్మ పాత మార్కులతోనే పోల్చి చూస్తారు.

ఎక్కువ మార్కులనీ నమ్మకండి. మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుకి 28 వచ్చాయని ఇంట్లోవాళ్లు ఏడాది పట్టించుకోలేదు. ఆయనేమో పాలకెళ్లి ఇంటిదారి తప్పేవాడు.

ఈసారి వెళ్లేటప్పుడు మీ నాయన కళ్లద్దాలు మర్చిపోకండి, ఏ పని ఎప్పట్నుంచి తప్పుతోందో రాసుకుపోండి. నెలలుగా కాక, రెండు మూడు రోజుల్లోనే తికమక మొదలైతే మాత్రం ఈ పరీక్ష కోసం ఆగొద్దు. ఒంట్లో సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షనున్నా పెద్దవాళ్లు అట్నే అయిపోతారు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.