నాలుగు పెట్టెల మెయిల్ ఒక్కచోటికి తెచ్చే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నేత సొసైటీకి వచ్చే ఆర్డర్లలో రెండు ఎవరి కంటా పడకుండా పోయాయన్నావు. జీమెయిల్ ఒకటి, సొసైటీ సొంత పేరు మీద హోస్టింగ్ వాళ్లిచ్చిన పెట్టె ఒకటి, జోహో ఒకటి, బయటి దేశం కొనుగోలుదారుల కోసం ఎప్పుడో తెరిచిన అవుట్‌లుక్ ఒకటి. ఈ నాలుగింటినీ ఆఫీసులోని లినక్స్ కంప్యూటర్‌కి ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాంతో తెచ్చుకోవాలని నీ ఆలోచన. మంచి ఆలోచనే. ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రోగ్రాంతో పనిచేశాను కాబట్టి ఫోన్‌లో చెప్పలేనివి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్కటి చెప్పనీ. ఫెచ్‌మెయిల్‌కి నువ్వు ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే, మెయిల్ తెచ్చి ఇక్కడ అప్పజెప్పాక సర్వర్‌లో ఉన్నదాన్ని చెరిపేస్తుంది. అది దాని మామూలు అలవాటు. వద్దనుకుంటే ప్రతి ఖాతా కింద కీప్ అనే మాట రాయాలి. మొదటి నెల అంతా అందులో పెట్టే ప్రతి ఖాతాకీ కీప్ ఉండాల్సిందే. సర్వర్‌లో చోటు నిండిపోతోందని ఎవరైనా తొందరపెట్టినా వినకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో వచ్చిన మెయిల్‌ని ఫైళ్లలో సర్దడానికి చిన్న స్క్రిప్టు రాశాను. ఫెచ్‌మెయిల్ తెచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆ స్క్రిప్టుకి ఇచ్చేది. స్క్రిప్టు దాన్ని డిస్క్‌లో రాసి, చివర లాగ్‌లో, అంటే పనుల చిట్టాలో, ఒక వరుస రాసేది. ఒక శుక్రవారం మెయిల్ ఉండే డిస్క్ నిండిపోయింది. ఉత్తరం రాయడం విఫలమైంది. కానీ లాగ్ వేరే డిస్క్‌లో ఉంది, ఆ ఆఖరి వరుస మాత్రం చక్కగా రాసింది. ఆఖరి పని సరిగ్గా జరిగింది కాబట్టి స్క్రిప్టు మొత్తం సరిగ్గా జరిగినట్టే తిరిగి చెప్పింది. ఫెచ్‌మెయిల్ నమ్మింది, సర్వర్‌లో ఉత్తరాన్ని చెరిపేసింది. సోమవారం ఉదయానికి రెండు రోజుల ఉత్తరాలు అక్కడా లేవు, ఇక్కడా లేవు. వాటిలో ఉద్యోగాల దరఖాస్తులు ఉన్నాయి. గడువు దాటాక ఎంతమంది ఫోన్ చేశారో, వాళ్లతో ఎలా మాట్లాడానో నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు ప్రోగ్రాంది కాదు. నేను దానికి అబద్ధం చెప్పే స్క్రిప్టు ఇచ్చాను.

అందుకే తెచ్చిన మెయిల్‌ని ఎవరికి అప్పజెబుతున్నావన్నది సర్వర్ల పేర్ల కంటే ముఖ్యం. ఫెచ్‌మెయిల్ మామూలుగా మన కంప్యూటర్‌లోనే 25వ పోర్టులో వినే మెయిల్ సర్వర్‌కి ఇస్తుంది. నువ్వు పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ పెట్టుకో, బయటి నుంచి ఎవరూ తగలకుండా లోపలి కనెక్షన్లు మాత్రమే తీసుకునేలా పెట్టు. డిస్క్‌లో చోటు లేకపోతే అది ‘ఇప్పుడు కాదు, తర్వాత రా’ అని నిజం చెబుతుంది. అప్పుడు ఫెచ్‌మెయిల్ ఉత్తరాన్ని సర్వర్‌లోనే వదిలేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. నేను స్వయంగా రాసుకున్న స్క్రిప్టు చేయలేని పని అదే. నీకూ సొంత స్క్రిప్టు రాయాలనిపిస్తుంది, తెలుసు. ఇప్పుడే వద్దు.

ఇక నీ ఆర్డర్లు ఎందుకు తప్పిపోయాయో చూద్దాం. నా అనుమానం ఇది. నువ్వు ప్రయోగంగా జీమెయిల్‌ని ఐమ్యాప్ అనే, ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతిలో పెట్టానన్నావు. ఐమ్యాప్‌లో ఏది కొత్తది, ఏది పాతది అన్న లెక్క సర్వర్ దగ్గర ఉంటుంది. చదివినదానికి ఒక గుర్తు పడుతుంది. ఫెచ్‌మెయిల్ ఆ గుర్తు లేనివే తెస్తుంది. మీ గుమాస్తా గారు ఉదయం బస్సులో ఫోన్‌లో ఆ ఉత్తరం తెరిచి చూసి ఉంటారు. దానికి గుర్తు పడిపోయింది. ఫెచ్‌మెయిల్ వచ్చి చూసి, ఇది చదివినదే కదా అని వదిలేసి వెళ్లింది. ఎవరి తప్పూ లేకుండా ఆర్డర్ ఆగిపోయింది.

అలాగని అన్నీ తెమ్మని ఫెచ్ఆల్ రాస్తే ఏమవుతుంది? పక్కన కీప్ కూడా ఉంది కాబట్టి వచ్చిన ప్రతిసారీ పెట్టె మొత్తం మళ్లీ తెస్తుంది. సాయంత్రానికి ఒకే ఆర్డర్ యాభై నకళ్లు. కాబట్టి నలుగురు చూసే పెట్టెకి పాప్ అనే, ఉత్తరాలు మన దగ్గరికి దించుకునే పద్ధతే మేలు, దానితో పాటు యూఐడీఎల్ అనే మాట రాయి. ప్రతి ఉత్తరానికీ సర్వర్ ఇచ్చే ప్రత్యేక సంఖ్యని ఫెచ్‌మెయిల్ మన దగ్గరే ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. ఎవరు చదివారన్నది దానికి పట్టదు, తను తెచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. ఆ ఫైల్ నీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫెచ్‌ఐడీస్ పేరుతో ఉంటుంది. దాన్ని బ్యాకప్‌లో చేర్చు. పొరపాటున చెరిగిపోతే పెట్టెలో ఉన్నదంతా మళ్లీ వచ్చి పడుతుంది.

పాప్ గురించి నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. 1996 నాటి దాని ప్రమాణం ప్రకారం, చెరపమని చెప్పినవి వెంటనే చెరగవు. పని ముగించి సెలవు తీసుకున్నప్పుడే సర్వర్ వాటిని నిజంగా తీసేస్తుంది. మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో తెలుసు కదా. మధ్యలో లైను తెగితే నకళ్లు వస్తాయేమో గానీ నష్టం రాదు. నకలు ఉత్తరం చూసి టెన్షన్ పడకు.

ఇప్పుడు కాన్ఫిగరేషన్ ఫైల్, అంటే ఫెచ్‌మెయిల్‌కి మనం చెప్పేవన్నీ రాసే ఫైల్. పాప్‌క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాంని 1996లో ఎరిక్ రేమండ్ చేతికి తీసుకుని ఫెచ్‌మెయిల్‌గా మార్చాడు. దాని ఫైల్ చదవడానికి వాక్యంలా ఉండాలని అతని పట్టుదల. అందుకే విత్, అండ్, హ్యాజ్ లాంటి మాటలు అందులో ఎక్కడ రాసినా పట్టించుకోదు. కానీ వరుస మాత్రం పట్టించుకుంటుంది. సర్వర్‌కి సంబంధించినవి, అంటే పేరు, పద్ధతి, పోర్టు ముందు రావాలి. యూజర్‌కి సంబంధించినవి, అంటే పాస్‌వర్డ్, కీప్, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఎస్ఎస్ఎల్ తర్వాత రావాలి. నాకు తెలిసిన చాలామంది ఇక్కడే ఒక పూట పోగొట్టుకున్నారు. పాస్‌వర్డ్‌ని తప్పకుండా డబుల్ కోట్స్‌లో పెట్టు. ఫైల్ అనుమతులు 600గా, అంటే నువ్వు మాత్రమే చదివి రాయగలిగేలా మార్చు. వేరేవాళ్లు చదవగలిగేలా ఉంటే ఫెచ్‌మెయిల్ పని చేయనంటుంది, అది మన మంచికే.

అన్నీ ఒకేసారి పెట్టకు. ప్రతి సర్వర్ వాక్యం పోల్ అనే మాటతో మొదలవుతుంది. దాని బదులు స్కిప్ అని రాస్తే మామూలు రౌండులో ఆ సర్వర్‌ని వదిలేస్తుంది, పేరు పెట్టి పిలిస్తేనే వెళ్తుంది. మొదట అన్నిటికీ స్కిప్ పెట్టి, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి, ఎక్కువ వివరాలు చూపించే మైనస్ వీ తో నడిపి చూడు. రెండు మూడు రోజులు నిలకడగా ఉన్నదాన్నే పోల్‌గా మార్చు.

జీమెయిల్‌తో మొదలుపెట్టు. మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. ముందు ఖాతాకి రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. ఆ తర్వాత యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఇస్తారు. తెర మీద నాలుగేసి అక్షరాలుగా విడివిడిగా కనిపిస్తుంది, ఖాళీలు లేకుండా రాసుకో. సెట్టింగుల్లో పాప్‌ని ఆన్ చేసి, పాప్ ద్వారా తీసుకున్నాక జీమెయిల్ కాపీని ఇన్‌బాక్స్‌లోనే ఉంచమని ఎంచుకో. సర్వర్ పేరు పాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 995. ఇక్కడ జీమెయిల్‌కి ఒక వింత గుణం ఉంది. ఒక కంప్యూటర్ పాప్ ద్వారా ఒకసారి తీసుకున్న ఉత్తరాన్ని ఇంకో కంప్యూటర్‌కి చూపించదు. మీ ఆఫీసులో ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా పాత మెయిల్ సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తుంటే అది ముందే ఎగరేసుకుపోతుంది. దీనికి విరుగుడు యూజర్ పేరు ముందు రీసెంట్ అని రాసి కోలన్ పెట్టడం. అప్పుడు ఎవరు తీసుకున్నా సరే గత 30 రోజుల ఉత్తరాలు చూపిస్తుంది. నకళ్లు రాకుండా యూఐడీఎల్ ఎలాగూ కాపాడుతుంది. సొసైటీ నుంచి మీరు పంపినవి కూడా వెనక్కి వచ్చి పడతాయి, కంగారుపడకు. స్పామ్‌లో పడ్డవి మాత్రం పాప్‌లో రావు. కాబట్టి వారానికి రెండుసార్లు బ్రౌజర్‌లో తెరిచి స్పామ్ చూడు. కొత్త కొనుగోలుదారుడి మొదటి ఉత్తరం అక్కడ పడే అవకాశం ఉంది.

హోస్టింగ్ పెట్టెతో నీకు సర్టిఫికెట్, అంటే సర్వర్ తను ఎవరో చూపించే గుర్తింపు పత్రం, గొడవ వస్తుంది. ఒకే సర్వర్‌లో వందల డొమైన్లు ఉంటాయి కాబట్టి, మీ సొసైటీ పేరుతో వెళ్తే హోస్టింగ్ కంపెనీ పేరున్న సర్టిఫికెట్ చూపించవచ్చు. పేర్లు కలవలేదని ఫెచ్‌మెయిల్ ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ తనిఖీని ఆపేయమని సలహాలు దొరుకుతాయి. దయచేసి ఆపకు తల్లీ. 6.4 వెర్షన్ నుంచి ఆ తనిఖీ దానంతటదే ఉంటుంది, చాలా ఏళ్ల అనుభవంతో పెట్టింది అది. మధ్యలో కూర్చున్న ఎవడో మీ పాస్‌వర్డ్ తీసుకున్నా తెలియకుండా చేసుకోవడమే అవుతుంది ఆపేస్తే. సర్టిఫికెట్ మీద ఏ పేరుందో హోస్టింగ్ వాళ్లని అడిగి, సర్వర్ పేరుగా అదే రాయి. సరిపోతుంది.

అదే పెట్టెలో సొసైటీ డొమైన్‌కి వచ్చే అన్ని చిరునామాల మెయిల్ కలిపి పడుతోందన్నావు. ఫెచ్‌మెయిల్ దాన్ని విడదీసి ఎవరిది వాళ్లకి పంచగలదు, మల్టీడ్రాప్ అంటారు. నేను దాన్ని వాడను, నువ్వూ వాడొద్దు. ఉత్తరం అసలు ఎవరి కోసం వచ్చిందో కవరు మీద ఉంటుంది, పెట్టెలో పడేసరికి చాలాచోట్ల ఆ కవరు పోతుంది. ఉత్తరం పైన ఉండే మిగిలిన వివరాలు, అంటే హెడర్లు, చూసి ఊహించాలి. బీసీసీలో వచ్చినవి, గుంపుగా పంపినవి తప్పుడు మనిషికి వెళ్తాయి. మొత్తం ఒక్క యూజర్‌కి తెచ్చుకుని మీ మనుషులే చూసి పంచుకోండి. లేదా హోస్టింగ్‌లోనే వేర్వేరు పెట్టెలు చేయించు.

జోహో తేలిక. సెట్టింగుల్లో పాప్ ఆన్ చెయ్యి, అక్కడే రాసి ఉన్న సర్వర్ పేరుని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకో. మన దేశంలో తెరిచిన ఖాతాలకి డాట్ ఇన్, బయటివాటికి డాట్ కామ్ లాంటి వేరే పేర్లు. తప్పు పేరు రాస్తే పాస్‌వర్డ్ తప్పు అంటుంది, నువ్వు పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చుంటావు.

అవుట్‌లుక్‌ని ఫెచ్‌మెయిల్‌లో పెట్టే ప్రయత్నం చేయకు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2024 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత ఖాతాలకి ఉత్త పాస్‌వర్డ్‌తో పాప్, ఐమ్యాప్ లాగిన్ తీసేశారు. సంస్థల ఖాతాలకి 2022 అక్టోబరు నుంచే మొదలుపెట్టారు. ఇప్పుడు ఓఆత్, అంటే పాస్‌వర్డ్ బదులు అనుమతి టోకెన్‌తో లాగిన్ అయ్యే పద్ధతి కావాలి, 6.4 ఫెచ్‌మెయిల్‌కి అది రాదు. గెట్‌మెయిల్ 6 అనే ఇంకో ప్రోగ్రాంతో చేయవచ్చు గానీ, రోజుకి రెండు ఉత్తరాలు వచ్చే పెట్టె కోసం నువ్వు అంత కష్టపడనక్కర్లేదు. అవుట్‌లుక్ సెట్టింగుల్లోనే ఫార్వర్డింగ్ పెట్టి హోస్టింగ్ పెట్టెకి పంపించు. కాపీ ఉంచాలా అని అడిగే గడిలో టిక్ పెట్టడం మర్చిపోకు.

అన్నీ కుదిరాక డీమన్‌గా, అంటే వెనకాల ఎప్పుడూ నడిచేలా నడుపు, 300 సెకన్లకి ఒకసారి చాలు. నిమిషానికోసారి తలుపు తడితే కొన్ని సర్వర్లు ఖాతాని కాసేపు మూసేస్తాయి. అనుకున్న వేళకి ప్రోగ్రాంలు నడిపే క్రాన్‌లో పెడితే ఒక సంగతి గుర్తుపెట్టుకో. కొత్త మెయిల్ ఏమీ లేకపోతే ఫెచ్‌మెయిల్ 1 అని తిరిగి చెబుతుంది, అది లోపం కాదు. 3 వచ్చిందంటే పాస్‌వర్డ్ దగ్గర ఆగిందని. మెయిల్ హెడర్లని విప్పే మైమ్‌డీకోడ్ జోలికి వెళ్లకు. తెలుగులో రాసిన సబ్జెక్టులు సంకేతాల్లో మూటకట్టి వస్తాయి, వాటిని విప్పే పని మెయిల్ చదివే సాఫ్ట్‌వేర్‌ది.

ఆదివారం ఉదయం జీమెయిల్ ఒక్కదాన్నే మైనస్ వీ తో నడిపి, వచ్చిందంతా ఒక ఫైల్‌లోకి తీసి నాకు పంపు. పాస్‌వర్డ్ చోట నక్షత్రం (*) గుర్తే కనిపిస్తుంది, అయినా పంపే ముందు ఒకసారి చూసుకో. పది గంటలకల్లా పంపితే మధ్యాహ్నం భోజనం లోపు ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్తయ్య నిన్ను అడుగుతోంది, మీ అమ్మకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య