‘ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లండి’ అంటే వెళ్లాల్సిందేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పోలీసుల గురించే. కొట్టారనో లంచం అడిగారనో కాదు, అంతకంటే చిన్న విషయాలు. ఫోన్ చేసి రమ్మన్నారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వలేదు, అలాంటివన్నమాట. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నాడు, తిరిగి ఇవ్వడం ఆలస్యమైంది. నిన్న స్టేషన్ నుంచి ఎవరో ఫోన్ చేసి ‘మీవాడినీ, వాళ్ల నాన్ననూ తీసుకుని రేపు పొద్దున్నే ఒకసారి వచ్చి వెళ్లండి’ అన్నారు. మా ఆయనకి 63 ఏళ్లు, బీపీ ఉంది. వెళ్లకపోతే ఇంటికొచ్చి పట్టుకుపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. (పేరు వేయొద్దన్న ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ని ఇంట్లోనే ఉండమనండి. పోలీసులు, కోర్టులు ఎలా నడుచుకోవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది కదా, అందులో 179వ సెక్షన్ ప్రకారం దర్యాప్తులో ఎవరినైనా సాక్షిగా పిలవాలంటే రాతపూర్వకంగానే పిలవాలి. అరవై దాటిన మగవాళ్లనూ, 15 ఏళ్లలోపు పిల్లలనూ, ఏ వయసు ఆడవాళ్లనైనా, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లనూ అసలు స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి మాట్లాడాలి. పాత చట్టంలో ఆ వయసు 65 ఉండేది, ఇప్పుడు 60కి తగ్గించారు. మీ ఆయన ఇష్టపడి వెళ్తే వేరే సంగతి.

ఇక మీ అబ్బాయి విషయం. అప్పు తీర్చకపోవడం మామూలుగా సివిల్ తగాదా, మొదటినుంచీ ముంచే ఉద్దేశంతోనే తీసుకున్నాడని చూపిస్తే తప్ప క్రిమినల్ కేసు అవ్వదు. అవతలివాళ్లు ఒక కాగితం మీద రాసిస్తే ‘పిటిషన్ ఎంక్వైరీ’ అని ఇద్దరినీ పిలిచి సెటిల్ చేయడం స్టేషన్లలో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. నిజం చెప్పాలంటే దానివల్ల మేలు జరిగినవాళ్లూ ఉన్నారు, కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది మరి. కానీ ఎంత కట్టాలో, ఎప్పటికి కట్టాలో తేల్చే అధికారం ఎస్సైకి లేదు, బెదిరించి ప్రామిసరీ నోటు రాయించుకోవడం అంతకన్నా లేదు.

కాబట్టి ఆ నంబరుకే తిరిగి ఫోన్ చేసి మర్యాదగా అడగండి: ‘సార్, ఎఫ్ఐఆర్ అయిందా, నంబరు ఎంత, నోటీసు ఇవ్వండి, తప్పకుండా వస్తాం.’ నా అనుభవంలో ఈ మాటకు చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. నిజంగా కేసు ఉంటే అదే కొత్త చట్టం 35(3) సెక్షన్ కింద, హాజరు కమ్మని నోటీసు వస్తుంది. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. నోటీసు అందాక మాత్రం వెళ్లకుండా మొండికేయొద్దు, అలా చేస్తే అరెస్టుకు మనమే కారణం ఇచ్చినట్లవుతుంది. చెప్పిన రోజున వెళ్లి సహకరిస్తుంటే, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయకూడదు, ఎందుకు చేయాల్సి వచ్చిందో కారణాలు రాయాలి. అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే ఈ సంగతి తేల్చింది.

మరొకటి, ‘ఇరవై నాలుగు గంటలు ఉంచుకోవచ్చటగా’ అని అందరూ అంటుంటారు. అది తప్పు. రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న ఆ గడువు అరెస్టయినవాళ్లను మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి. అరెస్టు చేయనివాడిని బెంచీ మీద కూర్చోబెట్టుకోవడానికి గంట కూడా లెక్కలో లేదు. ‘నన్ను అరెస్టు చేశారా సార్, లేకపోతే వెళ్లొచ్చా?’ అని అడగొచ్చు. అడగడానికి గొంతు పెగలదని నాకూ తెలుసు, అందుకే మీవాడి వెంట ఎవరినైనా పంపండి.

ప్రశ్న: నా మెడలో గొలుసు లాక్కెళ్లారు. దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్తే మా లిమిట్స్ కాదన్నారు, రెండో చోట కాగితం తీసుకున్నారు కానీ వారమైనా ఎఫ్ఐఆర్ కాపీ ఇవ్వలేదు. ఏం చేయాలి? (ఒక టీచరు)

జవాబు: ముందు నా కథ వినండి. కొన్నేళ్ల కిందట నడిచి వెళ్తుంటే బైక్ మీద వచ్చినవాళ్లు నా ఫోన్ లాక్కుపోయారు. స్టేషన్‌లో రాతపనులు చూసే రైటర్ చాలా మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. నేను రాసిన ఫిర్యాదు చదివి, ‘లాక్కెళ్లారు’ అన్న మాట కింద పెన్నుతో సన్నగా గీత గీసి, ‘పడిపోయింది అని రాయండి మేడమ్, తొందరగా ట్రేస్ అవుతుంది’ అన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నదాన్ని, అయినా కొత్త కాగితం తీసుకుని ‘పడి...’ దాకా రాసేశాను. అక్కడ చెయ్యి ఆగింది. పడిపోతే నేరం లేదు, నేరం లేకపోతే ఎఫ్ఐఆర్ లేదు, దొంగను వెతకాల్సిన పనీ లేదు! స్టేషన్ లెక్కల్లో ఒక కేసు తగ్గుతుంది, అంతే.

మీ కాగితంలో ఏ మాట ఉందో ముందు అది చూసుకోండి. లిమిట్స్ మాట ఇప్పుడు చెల్లదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఆ కొత్త చట్టం 173వ సెక్షన్ కింద ఫిర్యాదు నమోదు చేయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం చెప్పినప్పుడు ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కొత్త చట్టంలో ఒక మెలిక పెట్టారు: మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు. ‘ఎంక్వైరీలో ఉందమ్మా’ అంటే ఆ అనుమతి తీసుకున్నారా అని అడగండి. కదలకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి (కమిషనరేట్ అయితే డీసీపీకి) రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, తర్వాత మేజిస్ట్రేటు కోర్టు. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త, కోర్టులో మొదట అడిగేది అదే.

ప్రశ్న: రాత్రి వెహికల్ చెకింగ్‌లో బండి తాళం లాగేసుకున్నారు, తర్వాత ఫోన్ అన్‌లాక్ చేసి వాట్సాప్ చూపించమన్నారు. ఇచ్చేశాను, తప్పా మేడమ్? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: నీ తప్పేం లేదు తమ్ముడూ, ఆ వేళ రోడ్డు మీద నలుగురు చుట్టూ నిలబడితే ఎవరైనా ఇచ్చేస్తారు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్ అడిగే హక్కు వాళ్లకుంది, డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపించినా సరిపోతుంది. తాళం లాక్కోమని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. వాట్సాప్‌కీ హెల్మెట్‌కీ సంబంధమే లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఇంకోసారి అడిగితే ‘ఏ కేసులో సార్, రాసివ్వండి, మా నాన్నకి ఫోన్ చేసి ఇస్తాను’ అను. గొంతు పెంచకు, చెయ్యి అడ్డం పెట్టకు. బాడీ కెమెరా ఉంటే అది నీ మంచికే.

ప్రశ్న: నేను కానిస్టేబుల్‌ని. చలానా రాస్తుంటే మొహం మీద ఫోన్ పెట్టి వీడియో తీస్తారు, సగం కట్ చేసి పెడతారు. మాకు న్యాయం ఉండదా?

జవాబు: ఉంటుంది సోదరా, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. పన్నెండు గంటలు ఎండలో నిలబడి, పండగకి సెలవు దొరకని ఉద్యోగం మీది, ఆ చిరాకు నాకు అర్థమవుతుంది. కానీ నలుగురూ తిరిగే చోట వీడియో తీయడాన్ని ఏ చట్టమూ నేరమనలేదు. స్టేషన్ లోపల తీసినా అది అధికార రహస్యాల చట్టం కిందికి రాదని బాంబే హైకోర్టు 2022లో చెప్పింది. మీ పనికి అడ్డుపడితే, చెయ్యి చేసుకుంటే అది నేరం, కేసు పెట్టండి. ఫోన్ మాత్రం లాక్కోకండి, లాక్కున్న ఆ రెండు సెకన్లే రేపు వీడియోలో మిగులుతాయి. మీరూ రికార్డు చేయండి, ‘ఇది రికార్డవుతోందండీ’ అని ముందే చెప్పండి. కట్ చేసిన వీడియో బయటికొచ్చిన రోజు మీ దగ్గర పూర్తిది ఉంటుంది.