డాలస్ వస్తున్నావుగా, ముందు డబ్బు సంగతి విను

అమ్మలూ,

వీసా వచ్చేసిందని అక్క చెప్పింది, సంతోషం. ఏ పచ్చడి తెచ్చుకోవాలో అందరూ చెప్తార్లే, నేను మాత్రం అనుకోని ఖర్చుల గురించి చెప్తా.

మన గుంటూరులో ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారనుకో, గాజులు బ్యాంకులో పెడతాం, లేదంటే చీటీ పాడేస్తాం. లక్ష చీటీ 20 వేలు తగ్గించి పాడితే 80 వేలు చేతికొస్తాయి, ఆ 20లో కమిషన్ పోను మిగతాది సభ్యులందరికీ పంచుతారు, నష్టమే గానీ ఆ పూటకి గండం గడుస్తుంది. అదీ చాలకపోతే మేనమామ చేబదులిస్తాడు, తర్వాత పదేళ్ళు ప్రతి పెళ్ళిలో గుర్తు చేస్తాడనుకో, అది వేరే కథ.

ఇక్కడ మామూలు బ్యాంకులు నగలు పెట్టుకోవు. తాకట్టు కొట్లున్నాయి గానీ అటు వెళ్ళకు, వడ్డీ వాచిపోతుంది. నా ఆఫీసులో అమెరికన్లు సొంత అన్నని కూడా డబ్బు అడగరు, అడిగితే నామోషీ, క్రెడిట్ కార్డు గీకుతారు లేదా రిటైర్మెంట్ అకౌంట్లోంచి లోన్ తీస్తారు. మెక్సికన్ వాళ్ళు మాత్రం మనలాగే, టాండా అని చీటీ వేస్తారు, కాకపోతే పాట ఉండదు, వంతుల ప్రకారం ఇస్తారు, ఎవరికైనా అవసరం పడితే వంతు మార్చుకుంటారు. నాకైతే మన పాట కంటే అదే నచ్చింది.

కార్డు సంగతి జాగ్రత్త. ఊళ్ళో రెండ్రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటామా, ఏడాదికి అది 24 శాతం, ఇక్కడ చాలా కార్డుల మీద పడేది దాదాపు అంతే, మెషిన్ మీద గీకుతాం కాబట్టి అప్పులా అనిపించదు అంతే. అందుకే మూడు నెలల అద్దె విడిగా సేవింగ్స్‌లో పడేయండి, డబ్బు కావాలని ఇండియా నుంచి వచ్చే ఫోన్లకి ఇంకోటి వేరే పెట్టుకోండి, రెండూ కలిపితే మొదటిది మిగలదు, అల్లుడిగారికి కూడా ఇది గట్టిగా చెప్పు.

హాస్పిటల్ బిల్లు వస్తే కంగారుపడి కార్డు మీద కట్టెయ్యొద్దు. ముందు దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడుగు, లాభాపేక్ష లేని హాస్పిటల్ అయితే ఆదాయం తక్కువున్నవాళ్ళకి సాయం చేసే పాలసీ ఉండాలని చట్టమే ఉంది, ఆ ఫారం అడుగు, అది కుదరకపోతే వడ్డీ లేకుండా నెలనెలా కడతానని బేరమాడు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఫోన్లో మాట్లాడ్డానికి మొహమాటంగా ఉంటే నన్ను కూడా లైన్లో కలుపు, నేను మాట్లాడతా.

మీ పిన్ని