వరదలో మునిగిన మా వీడియో గేమ్ బతికింది, మీదీ బతుకుతుంది

అటక మీద దొరికిన క్యాసెట్ వీడియో గేమ్ ఆన్ చేస్తే టీవీలో బూడిదరంగు తెర తప్ప ఏమీ రావడం లేదనీ, క్యాసెట్‌లోకి ఊది పెడితే ఒక్కోసారి ఆట వస్తోందనీ, బాగుచేసే అతను బోర్డు పోయిందన్నాడనీ రాశారు. దయచేసి పారేయకండి. ఊదినప్పుడు ఒక్కసారైనా ఆట వచ్చిందంటే బోర్డు పోలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కావాళ్ల ఇంట్లో బీరువా అడుగున ఉన్న మా చిన్ననాటి గేమ్ కూడా నీళ్లలో నానింది. విప్పితే బోర్డు కనిపించలేదు, ఎండిన ఒండ్రు పెచ్చే కనిపించింది. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని టూత్‌బ్రష్‌తో మెల్లగా కడిగి, ఫ్యాను కింద మూడు రోజులు ఆరబెట్టాను. మీది తడవలేదు కాబట్టి మీకు ఈ కడుగుడు అక్కర్లేదు.

ఊదడం మాత్రం ఇవాళే మానేయండి. ఆట వచ్చేది ఊదినందుకు కాదు. క్యాసెట్ తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు ఒరుసుకుని ఆ పూటకి కలుస్తాయి, అంతే. నోటి తడి లోపలే ఉండిపోయి చిలుము పట్టిస్తుంది. ఊదవద్దని నింటెండో కంపెనీ కూడా చెప్పింది.

తొంభైల్లో మన ఊళ్లలో అమ్మిన పెట్టెలు ఎక్కువగా నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కు నకళ్లు. క్యాసెట్ అంచున అటు 30, ఇటు 30 రాగి పట్టీలుంటాయి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. ఇయర్ బడ్‌ను అందులో ముంచి పట్టీల వెంట పైనుంచి కిందికి తుడవండి. మొదటి బడ్ కాటుకలా నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా కొత్తవి మారుస్తూ ఉండండి. మొండి మచ్చ ఉంటే పెన్సిల్ రబ్బరుతో ఒకటి రెండుసార్లు తేలిగ్గా రుద్దితే చాలు. గరుకు కాగితం వద్దు, పూత లేచిపోతుంది.

అసలు పని క్యాసెట్ దిగే గాడిలో ఉంది. కళ్లద్దాలు తుడిచే పలుచని గుడ్డను పాత ఏటీఎం కార్డు అంచుకు చుట్టి, ఆల్కహాల్‌తో తడిపి, నిలువుగా దించి నిలువుగానే తీయండి. పక్కలకు జరిపితే పిన్నులు వంగిపోతాయి. మా దాంట్లో టార్చి వేసి భూతద్దంతో చూస్తే ఎడమ నుంచి నాలుగో పిన్ను మిగతావాటికన్నా వెనక్కి అణిగి ఉంది, దాని మెడ చుట్టూ పచ్చటి చిలుము. సన్నని సూదితో వెంట్రుకవాసి ముందుకు లాగాను. కడగడం, ఆరబెట్టడం, తుడవడం అన్నీ అయ్యాక కూడా రాని బొమ్మ ఆ తర్వాతే వచ్చింది.

కరెంటు పెట్టేముందు అరగంట ఆరనివ్వండి. అడాప్టర్ విషయంలో మాత్రం తొందరపడకండి. ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ రౌటర్ అడాప్టర్ పిన్ను సరిపోయిందని నేను మా పిన్ని కొడుకు పెట్టెకు తగిలించాను. అసలు ఫామికామ్‌కు పిన్ను మధ్యలో మైనస్ ఉండాలి, రౌటర్లకు సాధారణంగా ప్లస్ ఉంటుంది. కాలిన వాసన వచ్చింది, నల్లటి జిగురు ముద్ద కింద ఉండే చిప్ పోయింది. దాన్ని బాగుచేసే దారి లేదు. ఆ పిల్లాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నకళ్లలో ఒక్కోదానికి ఒక్కో తీరు కాబట్టి పెట్టె వెనక ఉన్న గుర్తు, వోల్టేజి చదివి, అడాప్టర్ మీద ఉన్నవాటితో పోల్చుకున్నాకే తగిలించండి.

ఇదంతా చేశాక కూడా బూడిదరంగే వస్తే గాడిని దగ్గరగా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ఏ పిన్ను అణిగిందో చూసి చెబుతాను.