పచ్చబడిన ద్వీపం: ఫోటోను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఈ మధ్య నుంగంబాక్కంలో ఒక ఛాయాచిత్ర ప్రదర్శనకు వెళ్లినప్పుడు, కరేబియన్ సముద్రంలోని రెడోండా అనే చిన్న ద్వీపం ఫోటోలు రెండు పక్కపక్కనే చూశాము. మొదటిదానిలో గోధుమరంగు బండ తప్ప ఏమీ లేదు. కొన్నేళ్ల తర్వాత తీశామన్న రెండోదానిలో అదే కొండ పచ్చగా ఉంది. మా వారు మాత్రం "ఒకటి ఎండల్లో, ఇంకొకటి వానల్లో తీసి ఉంటారు, అంతే" అని తేల్చేశారు. ఫోటో చూసి ప్రకృతి కోలుకుందని చెప్పగలమా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ వారి అనుమానంలో న్యాయం ఉంది, కానీ రెడోండా విషయంలో ఆ తీర్పు నిలవదు.

నెవిస్, మాంట్సెరాట్ ద్వీపాల మధ్య సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన, దాదాపు 300 మీటర్ల ఎత్తున్న ఈ అగ్నిపర్వత శిల ఆంటిగ్వా-బార్బుడా దేశానికి చెందినది. 19వ శతాబ్దపు రెండో సగంలో, సముద్రపక్షుల రెట్ట పేరుకుని ఏర్పడిన ఎరువును తవ్వుకోవడానికి మనుషులు అక్కడికి చేరారు. తవ్వకం ఆగాక వాళ్లు వెళ్లిపోయినా మేకలూ నల్ల ఎలుకలూ మిగిలాయి. తలెత్తిన ప్రతి మొలకనూ మేకలు మేసేవి. గింజలను, వాటితోపాటు పక్షుల గుడ్లను, బల్లులను ఎలుకలు తినేవి. వేళ్ల పట్టు లేని మట్టి వానకు జారి సముద్రంలో పడేది. చివరికి మేత లేక ఆ మేకలే డొక్కలెండి చచ్చే స్థితి వచ్చింది. 2016లో మొదలైన పునరుద్ధరణ పనిలో మేకలను ప్రాణాలతో పట్టి ఆంటిగ్వాకు తరలించారు, 6,000కు పైగా ఎలుకలను ఎరలు పెట్టి నిర్మూలించారు. మీరు చూసిన పచ్చదనానికి మూలం అదీ. 2023లో ద్వీపాన్నీ చుట్టూ ఉన్న సముద్రాన్నీ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఇక ఫోటో సంగతి. ఈశాన్య రుతుపవనాలు వచ్చి వెళ్లాక డిసెంబరులో కళకళలాడే మన పళ్లికరణై చిత్తడినేల గట్లు మే నెలలో ఎండుగడ్డిగా మారతాయి. అడయారు నది సముద్రంలో కలిసేచోట పోటు మీద తీసిన ఫోటోలో బురదమేటలు మునిగిపోయి ఉంటే, ఆటు మీద తీసినదానిలో పక్షులతో సహా బయటపడతాయి. అందుకే మార్పును ఏళ్ల తరబడి నమోదు చేసేవారు ఒకే చోట నిలబడి, ఒకే నెలలో, ఒకే కటకంతో, కదలని బండ ఒకటి చట్రంలో ఉండేలా చూసుకుని ఫోటో తీస్తారు. వాన కురవగానే లేచిన గడ్డి కొండ మీద పలచగా, సమంగా పరుచుకుంటుంది. ఏళ్ల పెరుగుదల అయితే ముందు వాగుల అంచున పొదలుగా గుబురు కట్టి, నేల మీద తన నీడ పడేలా నిలబడుతుంది. ఆ నీడలు రెండో ఫోటోలో ఉన్నాయేమో గమనించవలసింది.

ఇంతకీ, పచ్చగా ఉన్నదంతా కోలుకున్నట్టేనని కూడా అనుకోకూడదు. బయటి నుంచి వచ్చి తమిళనాడు చెరువుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ దూరం నుంచి చక్కటి అడవిలాగే కనిపిస్తుంది. మరోవైపు న్యూజిలాండ్‌లోని టిరిటిరి మటాంగి ద్వీపంలో 1984 నుంచి 1994 వరకు స్వచ్ఛంద సేవకులు రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటినా, కొంత భాగాన్ని కావాలనే గడ్డినేలగా వదిలేశారు. ఎగరలేని టకాహే పక్షి మేసేది ఆ గడ్డిలోనే. ఆ ద్వీపం ఫోటోలో చెట్లు లేని చోటును చూసి పని సగంలో ఆగిందనుకుంటే పొరపాటు.

రెడోండాకు మాత్రమే సొంతమైన ఒక నల్ల బల్లి ఉంది. నల్లరాళ్ల మధ్య కదిలితే తప్ప కనబడని ఆ జీవి, కొండనంతా ఒక్క చట్రంలో పట్టిన ఫోటోలో ఎలాగూ దొరకదు. బల్లుల సంఖ్య పెరిగిందా, పక్షులు మళ్లీ గూళ్లు కడుతున్నాయా అన్నది నేల మీద తిరిగి లెక్కపెట్టేవారే చెప్పాలి. ఆ లెక్కలకు ఫోటో తోడు మాత్రమే.

ప్రదర్శన ఇంకా ముగియకపోతే, ఫోటోల కింద తీసిన నెల రాశారో లేదో చూడండి. ఆ ప్రాంతపు ద్వీపాలలో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వానలు తక్కువ. రెండో ఫోటో ఆ నెలల్లో తీసినదైతే, మీ వారిని వెంటబెట్టుకుని వెళ్లి మరీ చూపించండి.